మోచేతి దాకా

వాన వెలిసీ వెలవకముందే తీలా వాలు మీదికి ఎక్కింది. వాన పడ్డ ప్రతిసారీ మన్ను తనలో దాచుకున్నదేదో కాస్త పైకి నెడుతుంది. నూడుల్స్ పొట్లం అంచు, సీసా మూత, పళ్ళు తోముకునే బ్రష్షు ముక్క. మూడు జల్లెళ్ళు దాటుకుని వచ్చిన మొండి ఘటాలు అవి. గడ్డి దుబ్బుల మధ్య కాలి వేళ్ళతో చోటు వెతుక్కుంటూ, వంగి, ఒక్కోదాన్నీ ఏరి నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలో వేసుకుంటోంది.

దుబ్బులు ఆమె మోకాలు దాటాయి. ఈ ఏడే మొదటిసారి వాటి మధ్యలోంచి కంకులు తొంగిచూస్తున్నాయి. ఎర్రకంకి గడ్డి. పెద్దల రాతి సమాధుల సందుల్లో, గుర్రం మూతి దూరని చోట మిగిలిన నాలుగు దుబ్బుల నుంచి తెచ్చి చల్లిన గింజ ఇది. తీలా ఒక కంకి తెంపి గోటితో చీల్చింది. గింజ ఇంకా పాల మీదే ఉంది.

"ఎండలు కాస్తే చాలు వదినా. గట్టిపడుతుంది" అంది.

కింద మార్తా వాలుకి అడ్డంగా రాళ్ళు పేరుస్తోంది, వాననీళ్ళు మన్నుని ఎత్తుకుపోకుండా. పట్నంలో సంత వెనక షెడ్డులో ఇళ్ళ చెత్త పోగేసి కుళ్ళబెడతారు. ఈ వాడ ఆడవాళ్ళు వంతులవారీగా వెళ్ళి అక్కడ ప్లాస్టిక్కు, గాజు ఏరి, తిరగేసి, జల్లెడ పడతారు. కూలికి బదులు ఆ జల్లించిన ఎరువే లారీలో తెచ్చుకుంటారు. రెండు వానకాలాలుగా అదే పని.

"ఏమే చెత్తరాణీ! ఇవాళ ఎన్ని ముత్యాలు ఏరావు?"

గునపం భుజాన వేసుకుని రంగ్గా వస్తున్నాడు. ఎర్రజూలు దొర గుర్రాలు చూసేది అతనే. దొర అసలు పేరు ఇప్పుడు ముసలివాళ్ళకే తెలుసు. పెద్దమనిషిని అతని గుర్రం పేరుతో పిలవడమే మర్యాద. గుర్రం ఎర్రజూలు కాబట్టి ఆయన ఎర్రజూలు దొర. ఏటా గుర్రాల మీంచి బల్లేలు విసురుకునే పసోలా పోటీలో గుర్రం గెలిస్తే ఆయన గెలిచినట్టు. గుర్రం పడితే ఏమవుతుందో మాత్రం ఎవరూ పైకి అనరు.

రంగ్గా చంకలోని గుంజలు కింద పడేసి, వాలు అంచున ఒక చోట కాలితో గీత గీసి, గునపం దించాడు.

"ఏంటన్నా అది?" అంది మార్తా, చేతిలో రాయితోనే నిలబడి.

"గుంజ. కళ్ళు కనపడట్లేదా?"

"కనపడుతోంది. ఎందుకని అడుగుతున్నా."

"గుర్రాల్ని కట్టడానికి. మార్తమ్మని కట్టడానికి కాదులే, భయపడకు." అతను మళ్ళీ గునపం ఎత్తాడు. "ఒడ్డున బీడుకి ఉప్పునీళ్ళెక్కి గడ్డంతా మాడిపోయింది. సముద్రపు పురుగులు ఒడ్డుకి కొట్టుకొచ్చే రోజు దగ్గరపడింది, అవొస్తే పసోలానే. పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్న గుర్రాన్ని పసోలాకి తోలుకెళ్తామా? ఎల్లుండి పొద్దున్నే ఇక్కడికి తెస్తున్నాం."

తీలాకి మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఎప్పుడూ అంతే.

"ఈ వాలు మేం బాగుచేసుకున్నది" అంది మార్తా.

"చేశారు, కాదన్నానా? ఎవరి నేల మీద?"

"ఇది ఎండిన ఎముకలా తెల్లగా పడున్నప్పుడు ఎవరిదని నువ్వు అడిగావా? వాన పడితే బురదంతా మా ఊటలోకి వచ్చేది. అప్పుడు దొర ఏమన్నారు? ఏం చేసుకుంటారో చేసుకోండన్నారు."

"చేసుకున్నారుగా మరి!" అని రంగ్గా నవ్వాడు. గునపం దిగినచోట ఒక దుబ్బు వేర్లతో సహా లేచి వచ్చింది. వేర్లు వేలెడు కూడా లేవు. వాటిని పట్టుకుని నల్లటి మన్ను, ఆ మన్ను కింద పాత తెల్లటి నేల. తీలా చప్పున వంగి దుబ్బుని మళ్ళీ గుంటలో పెట్టి మడమతో నొక్కింది. రంగ్గా ఆమె మడమ కేసి చూసి, గునపాన్ని ఒక జానెడు అవతలికి జరుపుకున్నాడు. అంతే.

సాయంత్రం అవ్వ లెబా అరుగు మీద కూర్చుని రోట్లో వక్క దంచుకుంటోంది. పళ్ళు లేవు. మెత్తగా అయ్యేదాకా దంచాలి.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానవ్వా."

"మళ్ళీ కడుక్కో."

తీలా మళ్ళీ కడుక్కుంది. అయినా అవ్వ వక్క బుట్ట తన వైపుకి లాక్కుంది. ఎరువు పని మొదలుపెట్టిన నాటి నుంచీ అవ్వ మనవరాలి చేతి నుంచి వక్క అందుకోలేదు. ఆ వాలు మీద కాలు కూడా పెట్టలేదు. "ఊరి ఎంగిలంతా ఎత్తిపోసిన చోట నేను నడవాలా?" అంటుంది. "చెత్త కాదవ్వా, మన్ను" అని తీలా అంటుంది. "నీ మొహం మన్ను" అని అవ్వ అంటుంది. రోజూ జరిగే ముచ్చటే.

ఇవాళ తీలా ఆ మాట కూడా అనలేదు. మొక్కజొన్న గింజల కుండ కింద మంట సరిచేస్తూ కూర్చుంది. అవ్వ ఓరగా చూసింది.

"రంగ్గా గుంజలు పాతాడంటగా."

"ఊఁ."

"పాతడూ మరి? పచ్చగా కనపడితే దొరది, ఎండిపోతే ఊరిది. నేను పుట్టినప్పటి నుంచీ అంతే." అవ్వ దంచిన వక్క బుగ్గన పెట్టుకుంది. "పోయి అడుగు."

"నేనా?"

"నేను అడగాలా? నాకేం పని? అది చెత్త కదా నా దృష్టిలో."

అప్పుడే మార్తా వచ్చింది. కొంగు చాటున ఏదో పట్టుకొచ్చి, అరుగు మీద మూట విప్పింది. పగలగొట్టిన సీసా. ఆకుపచ్చటి పెంకులు మంట వెలుగులో మెరిశాయి.

"నాలుగు చోట్ల చల్లితే చాలు" అంది మెల్లగా. "ఒక పెంకు చూపిస్తే దొర తన గుర్రాన్ని అటు తిప్పడు. డెక్క తెగితే పసోలా లేదు, ఏమీ లేదు."

తీలా ఆ పెంకుల కేసి చూస్తూ ఉండిపోయింది. రెండేళ్ళుగా ఆమె వేళ్ళ చివరలకి అలాంటి పెంకుల గుర్తులే ఉన్నాయి. షెడ్డులో తడి చెత్తలోకి చెయ్యి పెట్టినప్పుడల్లా ముందు గాజు తగులుతుందేమోనని వేళ్ళు వాటంతట అవే ముడుచుకునేవి.

"వద్దు వదినా."

"ఎందుకు?"

"మళ్ళీ ఏరాలి."

మార్తాకి ఒళ్ళు మండింది. "గడ్డే పోయాక ఇంకేం ఏరతావే?"

తీలా పెంకుల్ని ఒక్కొక్కటిగా గుడ్డలో పెట్టి, మూట కట్టి, మార్తా చేతిలో పెట్టింది. అవ్వ దవడ ఆడటం ఆగిపోయింది.

మర్నాడు తీలా దొర ఇంటికి వెళ్ళింది. గోపురంలా లేచిన గడ్డికప్పు కింద వెదురు అరుగు మీద దొర, పై తీరం నుంచి వచ్చిన ఆయన చుట్టాలు కూర్చుని ఉన్నారు. పసోలాలో బల్లేలు విసిరే కుర్రాళ్ళు కర్రలు చెక్కుకుంటున్నారు. తీలా అరుగు కిందే నిలబడింది. తనకి వక్క బుట్ట రాదనుకుంది. బుట్ట పెట్టకపోతే మనిషి వచ్చినట్టు లెక్క కాదు. అదే నయం, అలాగే వెనక్కి వెళ్ళిపోవచ్చు.

కానీ దొర తనే బుట్ట ముందుకి జరిపాడు.

"తీసుకో అమ్మా. నువ్వు లెబా మనవరాలివి కదూ?"

తీలా ఒక వక్క తీసుకుని గుప్పిట్లో పట్టుకుంది. ఇప్పుడిక మాట్లాడక తప్పదు.

"గడ్డి... కంకి ఇంకా పాల మీద ఉంది దొరా. గింజ రాలేదాకా ఆగితే వచ్చే ఏడు దానంతటదే లేస్తుంది. ఇప్పుడు వేర్లు పైపైనే ఉన్నాయి. గుర్రం కొరికితే దుబ్బు మొత్తం ఊడొస్తుంది. మళ్ళీ బోడి నేలే."

ఆమె జీవితంలో ఒక్క గుక్కలో అంత మాట్లాడింది లేదు.

దొర శ్రద్ధగా విన్నాడు. ఆయన చెడ్డవాడిలా మాట్లాడలేదు. అదే కష్టంగా ఉంది.

"పోయినేడు నేను చూడ్డానికొస్తే, ఆ కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి చూపించిన పిల్లవి నువ్వే కదా?" చుట్టాల వైపు తిరిగాడు. "గాజుపెంకు లేదు, పురుగు లేదు, కంపు లేదు. చెయ్యి బయటికి తీసి, 'చెత్త కాదు దొరా, మన్ను' అంది. ఈ పిల్ల నోట్లోంచి నేను విన్నది ఆ ఒక్క మాటే. అందుకే గుర్తుంది."

చుట్టాలు నవ్వారు. తీలా కూడా నవ్వాల్సి వచ్చింది.

"మన్నయితే, అందులో మొలిచింది గడ్డే కదా?"

"అవును దొరా."

"గడ్డయితే గుర్రం తినాలా, వద్దా?"

తీలా గుప్పిట్లో వక్క చెమటకి జారుతోంది.

"పసోలా అయిపోయాక మళ్ళీ వేసుకోండి. లారీ మళ్ళీ రాదా ఏంటి? పట్నంలో జనం తినడం మానేస్తారా?" ఆయన మాట మెత్తగానే ఉంది. "ఎర్రజూలు గెలిస్తే నీ పేరు కూడా చెప్తాలే. లెబా మనవరాలి గడ్డి తిని గెలిచిందంటాను."

ఆమె తల ఊపి వచ్చేసింది.

దొడ్డి దగ్గర రంగ్గా ఎర్రజూలుకి నీళ్ళు పోసి రుద్దుతున్నాడు. తడిసిన ఒంటి మీద పక్కటెముకలు బుట్ట అల్లికలా కనపడుతున్నాయి. గుర్రం చెవులు మాత్రం నిటారుగా ఉన్నాయి.

"పని కాలేదా?" అన్నాడు రంగ్గా, ఆమె మొహం చూసి. ఈసారి చెత్తరాణి అనలేదు. "ఆయన తప్పు కూడా కాదే పిల్లా. పోయిన పసోలాలో కిందూరి పెద్దాయన గుర్రం ముందు కాళ్ళ మీద కూలబడింది. గుర్రానికేం కాలేదు, లేచింది. కానీ ఆయన ఏ తప్పు చేశాడో, ఏ మైల ముట్టాడోనని ఊరూరూ తవ్విపోశారు. ఇప్పటికీ ఆ ఇంటి గడప ఎవరూ తొక్కట్లేదు. మా దొరకి నిద్ర పట్టట్లేదు." అతను గుర్రం పెదవి ఎత్తి చిగుళ్ళు చూసి, మళ్ళీ వదిలాడు. "దీని నోట్లోకి వెళ్ళే ప్రతిదీ నేను ముందు వాసన చూస్తాను, తెలుసా?"

తీలా దారిలో ఊట దగ్గర ఆగింది. నీళ్ళు అడుగు దాకా కనపడుతున్నాయి. రంగ్గా చెప్పింది ఆమె లోపల ఎక్కడో దిగింది. అది ఏం చేయమంటోందో ఆమెకి తెలిసింది. దొర ఇంట్లో తీసుకున్న వక్క ఇంకా గుప్పిట్లోనే ఉంది. దాన్ని నీళ్ళలో పడేయబోయి, మళ్ళీ సంచిలో వేసుకుంది.

గుర్రాలు వచ్చే పొద్దున వాడలో ఆడవాళ్ళంతా వాలు దగ్గరే ఉన్నారు. మార్తా ముళ్ళకంప అడ్డం వేసింది. రంగ్గా దాన్ని గునపంతో ఎత్తి పక్కన పెట్టాడు, కోపం లేకుండా, దారిలో పడ్డ కొమ్మని తీసినట్టు. వెనక దొర, ఆయన చుట్టాలు, బల్లేల కుర్రాళ్ళు. పచ్చదనం చూసి, పై తీరం చుట్టాల్లో ఒక ముసలాయన "అబ్బో" అన్నాడు.

ఎర్రజూలు పగ్గాన్ని లాగుతోంది. మెడ ముందుకి సాచి, ముక్కుపుటాలు ఎగరేసి, దారిపక్క మొదటి దుబ్బుని అందుకుంది. పళ్ళ మధ్య గడ్డి తెగిన చప్పుడు తీలాకి తన ఎముకలో వినపడినట్టనిపించింది. దుబ్బు ఊడి వచ్చింది. వేర్ల నుంచి నల్లమన్ను రాలింది.

"దొరా" అంది తీలా.

ఎవరికీ వినపడలేదు. ఆమె రెండడుగులు ముందుకి వేసింది.

"దొరా, అది చెత్త."

మాటలు ఆగిపోయాయి. మార్తా తల తిప్పి చూసింది.

"ఏమన్నావు?" అన్నాడు దొర.

"చెత్తలో మొలిచింది దొరా." ఈసారి మాట గొంతులో కూర్చోలేదు. "సంతలో చేపల పేగులు. పూటకూటి ఇళ్ళలో ఎంగిలి. ఎవరెవరు తిని వదిలేసిందో ఎవరికి తెలుసు? చచ్చిన కోళ్ళు. పందులు కూడా ముట్టనివి. అవన్నీ కుళ్ళబెట్టి పోశాం. ఎర్రజూలు అది తిని పసోలాకి వెళ్తే..."

మిగతాది చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పై తీరం ముసలాయన నోట్లో వక్క ఉమ్మేసి, గుర్రం మూతి కేసి చూశాడు. బల్లేల కుర్రాళ్ళలో ఒకడు తన గుర్రాన్ని నిశ్శబ్దంగా ఒక అడుగు వెనక్కి నడిపించాడు.

దొర మాత్రం తీలానే చూస్తున్నాడు.

"పోయినేడు మన్ను అన్నావు."

"అన్నాను."

"అబద్ధం అప్పుడు చెప్పావా, ఇప్పుడు చెప్తున్నావా?"

వెనక ఆడవాళ్ళున్నారు. వాళ్ళ వీపులున్నాయి, జల్లెడ పట్టి పట్టి కాయలు కాచిన వాళ్ళ చేతులున్నాయి. తీలా వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేదు.

"అప్పుడు" అంది.

రంగ్గా అప్పటికే పగ్గం వదిలి గుర్రం మూతి పట్టుకున్నాడు. బొటనవేలు దవడ పళ్ళ వెనక దూర్చి నోరు తెరిపించి, నాలుక మీది పచ్చటి నురగని వేళ్ళతో గీకి గీకి తీసి, తన పంచెకే తుడుచుకున్నాడు. గుర్రం తల విదిలించింది. అతను వదల్లేదు. సొరబుర్రలో నీళ్ళు దాని నోట్లో పోసి, మళ్ళీ వేళ్ళు పెట్టి, పళ్ళ సందులన్నీ తుడిచాడు.

దొర కళ్ళు తీలా మీంచి కదల్లేదు. ఏది అబద్ధమో ఆయనకి తెలుసని ఆమెకి అనిపించింది. తెలిసినా ఇప్పుడు లాభం లేదు. మాట నలుగురి చెవినా పడిపోయింది. చుట్టాలు ఊరికి వెళ్ళేదాకా అది వాళ్ళతోపాటే నడుస్తుంది.

"గుంజలు పీకెయ్ రంగ్గా" అన్నాడు, వెనక్కి తిరుగుతూ.

గుర్రాలు వెళ్ళిపోయాయి. గడ్డి నిలిచింది. ఒక్కరు కూడా తీలా దగ్గరికి రాలేదు.

మార్తా మాత్రం రాళ్ళవరస దగ్గర ఆగింది. "ఎండలో, వానలో ఆ కంపులో కూర్చుని నా నడుం విరిగింది. కూతురు నా పక్కన పడుకోనంటే కూడా పోయాను. ఎవరేమన్నా, మన్నే మన్నేనని నువ్వు నేర్పిన మాటే చెప్పాను. ఇవాళ నువ్వే అందరి ముందూ చెత్తన్నావు." కాలితో ఒక రాయిని పక్కకి నెట్టింది. "నేను గాజుపెంకులు చల్లుతానంటే వద్దన్నావు కదే! ఇదేంటి మరి?"

తీలా వంగి, గుర్రం పీకిన చోట మన్ను సర్దింది.

పురుగులు వచ్చాయి. పసోలా అయింది. ఎర్రజూలు పడలేదు, గెలవనూ లేదు. తన కాళ్ళ మీద తను తిరిగి వచ్చింది. వాడలో పిల్లలు వాలు పక్క నుంచి పోతూ ముక్కు మూసుకుని పరిగెత్తేవారు. లారీ వచ్చిన రోజు ఎరువు దింపుకోవడానికి తీలా ఒక్కతే వెళ్ళింది. దింపి, కుప్ప చేసి, తాటాకులు కప్పి ఇంటికి వచ్చేసరికి చేతులు పైకి లేవలేదు. అవ్వ ఆమెని కడుక్కోమని అనలేదు. అసలు ఆ రోజుల్లో అవ్వ ఏమీ అనలేదు. తిట్లు లేని ఆ ఇంట్లో తీలాకి ఊపిరాడనట్టుండేది.

ఎండలు కాశాయి. ఒక పొద్దున గాలి మారింది. కంకులన్నీ రాగిరంగుకి తిరిగి, తాకితే చాలు రాలిపోతున్నాయి. ఇక్కడ రాలింది ఇక్కడే మొలుస్తుంది. కానీ పక్క వాలు మీద చల్లాలంటే సగమైనా పట్టుకోవాలి. తీలా చాప పరిచి, కంకిని రెండు వేళ్ళ మధ్య పెట్టి కింద నుంచి పైకి లాగుతూ గింజ దూస్తోంది. ఒక్కర్తి చేతికి అయ్యే పని కాదు. ఆమె ఒక దుబ్బు దూసేలోపు గాలి పది దుబ్బులు దులిపేస్తోంది.

కర్ర చప్పుడు వినపడి తలెత్తింది.

అవ్వ. కర్ర పొడుచుకుంటూ, దుబ్బు దుబ్బుకీ ఆగుతూ వాలు ఎక్కుతోంది. ఆమె వెనక, అంచు దగ్గర మార్తా, మిగతా ఆడవాళ్ళు. ఈ ముసలమ్మ ఎక్కడికి పోతోందోనని వచ్చినట్టున్నారు, లోపలికి మాత్రం రాలేదు.

అవ్వ తీలాని దాటుకుని కుప్ప దగ్గరికి వెళ్ళింది. కర్రతో తాటాకు తొలగించింది. కుడిచేతి గాజులు పైకి జరుపుకుని, ఒక మోకాలు కింద ఆనించి, ఎరువులోకి చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఇంకా నెట్టింది. మోచేతి దాకా.

బయటికి తీసిన చెయ్యి, దాని మీది పాత పచ్చబొట్లూ నల్లటి పొడిలో మునిగి ఉన్నాయి.

"మార్తా, ఇలా రా."

మార్తా కదల్లేదు.

"నాకు కళ్ళు ఆనట్లేదే. ఇందులో ఏముందో వచ్చి నువ్వే చెప్పు."

మార్తా వచ్చింది. అవ్వ చెయ్యి పట్టుకుని, బొటనవేలితో మెల్లగా రుద్దింది. పచ్చబొట్టు గీతల మధ్య నుంచి పొడి రాలింది. అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్ళీ చూసింది.

"మన్నే అవ్వా" అంది చివరికి.

"మరి గుడ్లప్పగించి నిలబడ్డారేం అందరూ? గింజ రాలిపోతోంది."

ఒకరొకరుగా కొంగులు నడుముకి దోపుకుని లోపలికి వచ్చారు. మార్తా తీలా వైపు చూడకుండానే చాప రెండో కొస పట్టుకుని తన వైపుకి లాక్కుంది.

అవ్వ రాయి మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. "నీ దగ్గర వక్కుందటే?" అంది.

తీలా సంచిలో వెతికింది. సీసా మూతల మధ్య దొర ఇంటి వక్క తగిలింది. ఇచ్చింది. అవ్వ దాన్ని మనవరాలి చేతి నుంచి అందుకుని, పళ్ళు లేవన్న సంగతి మరిచిపోయినట్టు, ఆ నల్లటి చేత్తోనే నోట్లో వేసుకుంది.